పారబోసే వేడి, కొనుక్కునే వేడి

జాతీయ పాల దినోత్సవం నాడు పాడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

అమ్మలారా, అయ్యలారా, అందరికీ నమస్కారం.

సభ పదింటికే అయినా నేను ఈ రోజు తెల్లవారుజామున ఐదింటికే మీ ఊరు చేరుకున్నాను. పాడి గురించి మాట్లాడేవాడు పాలు పితికే వేళకు కొట్టంలో ఉండాలన్నది నా పట్టుదల. నన్ను ఇక్కడికి పిలిచిన రైతు గారి షెడ్డులో నిలబడి, అప్పుడే పితికిన బకెట్టులో ఈ థర్మామీటరు ముంచాను. నురుగు ఇంకా అణగలేదు. 37 డిగ్రీలు చూపించింది. పక్కనే బల్క్ కూలరు, అంటే పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకు ఉంది. అందులో నిన్న సాయంత్రం పాలు 4 డిగ్రీల దగ్గర ఉన్నాయి. బకెట్టుకూ కూలరుకూ మధ్య పది అడుగులు. ఆ పది అడుగుల్లో పాల నుంచి 33 డిగ్రీల వేడి దిగాలి.

ఆ వేడి ఎక్కడికి పోతోందో చూద్దామని గోడ వెనక్కి వెళ్లాను. కూలరు ఫ్యాను వెచ్చటి గాలిని వేపచెట్టు మీదికి ఊదుతోంది. చలి పొద్దు కదా, కుక్కపిల్ల ఒకటి వచ్చి ఆ గాలి తగిలేచోట ముడుచుకుని పడుకుంది. అక్కడి నుంచి నాలుగు అడుగులు వేస్తే క్యాన్లు కడిగే తొట్టి. ఆ తొట్టి దగ్గర నీళ్ల డ్రమ్ములో హీటరు వేసి ఉంది. రైతు గారి అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాను. గోడకు ఒక పక్క కరెంటు ఖర్చుపెట్టి వేడిని పారబోస్తున్నాం. ఇంకో పక్క మళ్లీ కరెంటు ఖర్చుపెట్టి వేడిని కొనుక్కుంటున్నాం. రెండూ ఒకే మీటరులో తిరుగుతున్నాయి. నేను ముప్పై ఏళ్లు పాల శీతలీకరణ కేంద్రాల్లో యంత్రాలు బాగుచేశాను. నేను చూసిన పాడి క్షేత్రాలన్నింటిలోనూ కరెంటు బిల్లు కథ ఇదే.

పాడిలో కరెంటు ఖర్చు అనగానే మనకు మోటార్లు, లైట్లు గుర్తొస్తాయి. అవీ ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను. కానీ అసలు ఖర్చు వేడితోనే. పాల నుంచి వేడి తీయాలి, కడిగే నీళ్లకు వేడి పెట్టాలి, పశువు ఒంటి మీది వేడి దించాలి. ఈ మూడూ చక్కబడితే మిగతావి చిల్లర లెక్కలు.

ముందు పాల సంగతి. 100 లీటర్ల పాలను 37 నుంచి 4 డిగ్రీలకు దించాలంటే సుమారు 3.7 యూనిట్ల వేడి తీయాలి. అంటే కూలరు 3.7 యూనిట్ల కరెంటు తాగుతుందని కాదు. కూలరు చలిని పుట్టించదు, వేడిని మోసుకుపోతుంది. మనం కూలి మనిషికి బస్తా బరువును బట్టి కాకుండా మోసిన దూరాన్ని బట్టి డబ్బు ఇస్తే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే. యంత్రం ఆరోగ్యంగా ఉంటే ఒక యూనిట్ కరెంటుతో రెండున్నర యూనిట్ల వేడిని బయటికి మోస్తుంది. కాబట్టి 100 లీటర్లకు యూనిటున్నర కరెంటు చాలు. రోజుకు 500 లీటర్లు పోసే క్షేత్రానికి ఏడున్నర యూనిట్లు. ఏడాదికి 2,700 యూనిట్లు దాటుతుంది.

యంత్రం ఆరోగ్యంగా ఉంటే అన్నాను. ఆ ఆరోగ్యం ఎక్కడ చెడుతుందో చెప్పడానికి ఒక రాత్రి జరిగింది చెబుతాను. ఎక్కడ అన్నది చెప్పను, ఆ అవసరం లేదు.

మే నెల. రాత్రి పదకొండు దాటాక ఫోను వచ్చింది. సాయంత్రం పాలు 1,400 లీటర్లు ట్యాంకులో ఉన్నాయి, చల్లబడటం లేదు, కంప్రెసరు పది నిమిషాలు నడిచి ఆగిపోతోంది అన్నారు. వెళ్లేసరికి ట్యాంకులో 19 డిగ్రీలు. కరెంటు ఉంది, వోల్టేజీ ఉంది, గ్యాసు ఉంది. వెనక గది తలుపు తీస్తే వేడి ముఖం మీద కొట్టింది. కండెన్సరు, అంటే పాల నుంచి తీసిన వేడిని గాలిలోకి వదిలే రేకుల చట్రం, దాని ముందు దాణా బస్తాలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. వర్షం వస్తే తడుస్తాయని ఎవరో వారం క్రితం లోపల పెట్టారట. బస్తాలు పక్కకు లాగి టార్చిలైటు వేస్తే రేకుల మధ్య తవుడు, దుమ్ము, గడ్డిపరకలు కలిసి కంబళిలా పట్టేసి ఉన్నాయి. యంత్రం ఆపి, ఒక బ్రష్షు, బకెట్టు నీళ్లు తీసుకుని కూర్చున్నాం. ముప్పావుగంటలో రేకులు మెరిశాయి. మళ్లీ స్టార్ట్ చేస్తే ప్రెజరు దిగింది, ట్రిప్ అవలేదు, ముల్లు కిందికి కదలడం మొదలుపెట్టింది. కానీ పాలకు అప్పటికే ఆలస్యమైపోయింది. తెల్లారి పరీక్షలో పుల్లబడ్డాయని తేలింది. ఆ పాలు కాలువలో పోస్తుంటే పాలు పోసిన ఆడవాళ్లు గేటు దగ్గర నిలబడి చూశారు. ఒకామె ఒక్క మాట కూడా అనలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నాకు ఆ మొహం ఇప్పటికీ గుర్తుంది. ఆ పక్షం బిల్లులో వాళ్లకు ఎంత కోత పడిందో అక్కడున్న అందరికీ తెలుసు.

ఆ రాత్రి పోయింది ఒక్క పూట పాలే అనుకోకండి. ఆ బస్తాలు పెట్టిన వారం రోజులూ ఆ యంత్రం రెండు గంటల పనిని మూడు గంటలు చేసింది. కండెన్సరులో వేడి దిగే చోట ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే కంప్రెసరు కరెంటు రెండు మూడు శాతం పెరుగుతుంది. దుమ్ము పట్టి పది డిగ్రీలు పెరగడం మామూలు సంగతి. అంటే పావు వంతు కరెంటు దుమ్ముకే పోయింది. దీనికి మందు కొత్త యంత్రం కాదు. పదిహేను రోజులకోసారి మెత్తటి బ్రష్షు, నీళ్లు. రేకులు వంగిపోకుండా నిలువుగా తోమాలి. యంత్రం ఆపి, మెయిన్ తీసి చేయాలి. కండెన్సరు వెనక గోడకు కనీసం రెండు అడుగుల ఖాళీ ఉండాలి, పైన నీడ ఉండాలి, అది ఊదిన వేడి గాలి మళ్లీ దాని ముందుకే తిరిగి రాకూడదు. పడమటి గోడకు కండెన్సరు పెట్టిన షెడ్లు చాలా చూశాను. సాయంత్రం పాలు వచ్చే వేళకు సరిగ్గా ఎండ దాని మీదే పడుతుంది. పెట్టేటప్పుడే ఉత్తరం వైపు పెట్టించుకోండి. పెట్టేశారా, పైన తాటాకు పందిరైనా వేయండి, గాలికి మాత్రం అడ్డం రానివ్వకండి.

ఇంకొకటి, ట్యాంకు మూత. మూత తీసి పెట్టి కబుర్లు చెప్పుకుంటే తేమ గాలి లోపలికి దిగుతుంది. రబ్బరు అంచు చిరిగితే మార్పించండి. పాలు వడపోసి వెంటనే పోయండి. గోరువెచ్చటి పాలలో సూక్ష్మక్రిములు ఇరవై, ముప్పై నిమిషాలకు రెట్టింపవుతాయి. యంత్రం ఎంత మంచిదైనా అది పని మొదలుపెట్టేలోపు గడిచిన గంటను వెనక్కి తేలేదు.

ఇక్కడ ఒక పరికరం గురించి చెప్పాలి, ఎందుకంటే దాన్ని అమ్మేవాళ్లు మీ దగ్గరికి వస్తారు. ప్లేట్ కూలర్ అంటారు. స్టీలు పలకల మధ్య ఒక పక్క పాలు, ఒక పక్క బోరు నీళ్లు పారతాయి. పాలు ట్యాంకులో పడకముందే కొంత వేడి నీళ్లకు దిగిపోతుంది. ఐర్లండు లాంటి చల్లటి దేశంలో భూగర్భ జలం 10, 12 డిగ్రీలు ఉంటుంది. అక్కడ ఈ పరికరం ఒక్కటే సగానికి పైగా పని చేసిపెడుతుంది. కరపత్రాల్లో వేసే లెక్కలు అక్కడివే. మన బోరు నీళ్లు 28 డిగ్రీలు. వాటితో పాలు 31, 32 దాకానే దిగుతాయి. 33 డిగ్రీల ప్రయాణంలో ఐదారు డిగ్రీలు, అంటే ఆరో వంతు. రోజుకు 1,000 లీటర్లు దాటే చోట ఆరో వంతు కూడా మంచి లాభమే. 100 లీటర్ల చోట ఆ పలకలు కడగడానికి వాడే వేడినీళ్ల ఖర్చే దాన్ని తినేస్తుంది. కొనేముందు మీ బోరు నీళ్లలో థర్మామీటరు ముంచి చూడండి. అమ్మేవారి కాగితం కన్నా అది చెప్పేదే నమ్మండి.

అయితే మనకూ ఒక వెసులుబాటు ఉంది. కార్తీకం నుంచి మాఘం దాకా రాత్రులు చల్లగా ఉంటాయి. పగటి ఎండ నేరుగా తగలని చోట, పైకప్పు లేకుండా ఆకాశం కనబడేలా ఉన్న లోతు తక్కువ తొట్టిలో రాత్రి నీళ్లు నిలిపితే తెల్లారేసరికి బోరు నీళ్ల కన్నా చాలా చల్లగా ఉంటాయి. తెలంగాణ జిల్లాల్లో, రాయలసీమలో ఈ తేడా మరీ బాగా తెలుస్తుంది. ఆ తొట్టిలో పాల క్యాన్లు మెడ దాకా దింపి అరగంట ఉంచండి, మధ్యలో కలపండి. కూలరు లేని చిన్న రైతుకు, పాల కేంద్రం దాకా తీసుకెళ్లే గంటలో ఇది పెట్టని కోట.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఇది వింటే మీలో చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. 100 లీటర్ల నీళ్లను 28 నుంచి 73 డిగ్రీలకు కాచాలంటే ఐదు యూనిట్లకు పైనే కావాలి. 100 లీటర్ల పాలు చల్లబరచడానికి యూనిటున్నర. అంటే చల్లదనం కన్నా వేడినీళ్లు మూడు రెట్లకు పైగా ఖరీదు. కారణం ఇందాక చెప్పిందే. కూలరు ఉన్న వేడిని మోస్తుంది. హీటరు కరెంటును కాల్చి వేడిని పుట్టిస్తుంది. ఒక్కో యూనిట్ వేడికి ఒక్కో యూనిట్ కరెంటు కట్టాల్సిందే, అందులో బేరం లేదు. అయినా రైతులు నా దగ్గరికి వచ్చి కూలరు బిల్లు ఎక్కువ వస్తోందని చెబుతారే గాని, డ్రమ్ములో వేసిన హీటరు గురించి ఒక్కరూ అడగరు. కూలరు శబ్దం చేస్తుంది, హీటరు మౌనంగా ఉంటుంది. అంతే తేడా.

వేడినీళ్లు వద్దని నేను అనను. పాలు పితికే యంత్రం గొట్టాల్లో, క్యాన్ల అడుగున పట్టే పాల గార చల్లటి నీళ్లకు వదలదు. పరిశుభ్రత దగ్గర పొదుపు చేస్తే పాల నాణ్యత పోతుంది, ధర పోతుంది. కానీ వేడినీళ్లు ఎన్ని కావాలన్నది కడిగే పద్ధతి మీద ఉంటుంది. పితకడం అయిన వెంటనే, పాలు ఆరకముందే, గోరువెచ్చటి నీళ్లతో ఒకసారి తొలిపి పారబోయాలి. మొదటే మరిగే నీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు లోహానికి అతుక్కుపోతాయి. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా రుద్దాల్సిందే. తొలిపి, ఆ తర్వాత సోడా కలిపిన వేడినీళ్లతో కడిగితే సగం నీళ్లు సరిపోతాయి. మా ఇంటి కొట్టంలో పన్నెండు పశువులు ఉన్నాయి. ఈ వరుస మార్చినందుకే రోజుకు రెండు బకెట్ల వేడినీళ్లు మిగిలాయి.

మరి ఆ నీళ్లను దేనితో కాచాలి? మూడు దారులు ఉన్నాయి. మొదటిది, ఆ కుక్కపిల్ల కాచుకుంటున్న వేడి. 500 లీటర్ల పాలు చల్లబరిస్తే కండెన్సరు నుంచి రోజుకు పాతిక యూనిట్లకు పైగా వేడి గాలిలో కలుస్తుంది. కంప్రెసరు నుంచి వచ్చే వేడి గ్యాసును ముందుగా నీళ్ల ట్యాంకులోని గొట్టపు చుట్ట గుండా పంపితే నీళ్లు 50 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. మిగతా కొంచెం హీటరుతో ఎక్కించుకోవచ్చు. దీనివల్ల కండెన్సరు భారం కూడా తగ్గుతుంది. పెద్ద బల్క్ కూలర్లకు ఇది పెట్టించుకోదగ్గది. అయితే గ్యాసు లైను తెరిచే పని. తెలిసిన మెకానిక్‌తోనే చేయించాలి, లీకు పరీక్ష చూపించమని అడగాలి.

రెండోది సోలార్ వాటర్ హీటర్. మన ఎండకు దీని గురించి పెద్దగా చెప్పాల్సిన పని లేదు. నీళ్లలో ఉప్పు ఎక్కువగా ఉంటే గొట్టాల్లో గార కడుతుంది, అది ఒక్కటి చూసుకోండి.

మూడోది మనందరి కొట్టంలో రోజూ పడేది, పేడ. 25 కిలోల పచ్చి పేడకు సుమారు ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్ వస్తుంది. ఒక ఘనపు మీటరు గ్యాసు 450 గ్రాముల వంటగ్యాసుతో సమానం. గేదె రోజుకు 15 కిలోల దాకా వేస్తుంది. రెండు గేదెల పేడతో 60 లీటర్ల నీళ్లు కడగడానికి కావలసినంత వేడెక్కుతాయి. చిన్న కొట్టానికి ఆ నీళ్లు చాలు. 1984లో వచ్చిన దీనబంధు నమూనాలో ఇనుప డ్రమ్ము ఉండదు, ఇటుక, సిమెంటుతో భూమిలోనే కడతారు, తుప్పు బాధ లేదు. మన ఊళ్లలో పాతకాలం గోబర్ గ్యాస్ తొట్లు చాలా మూలపడ్డాయి. నేను వాటిలో కొన్ని తెరిచి చూశాను. ఎక్కువ వాటిలో చెడింది తొట్టి కాదు, అలవాటు. పేడకు సమానంగా నీళ్లు కలపలేదు, గడ్డి, మట్టి ఏరలేదు, రెండు రోజులు వేసి మూడు రోజులు మానేశారు. లోపల గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులు కూడా మేత కావలసిన జీవులే. పశువుకు మేత మానేస్తామా? పైగా గ్యాసు పోయాక బయటికి వచ్చే పలుచటి పేడ, అంటే స్లర్రీ, పచ్చి పేడ కన్నా పొలానికి మెరుగు. గుజరాత్‌లో ఆనంద్ దగ్గర జకారియాపురా గ్రామంలో జాతీయ పాడి అభివృద్ధి మండలి ఇంటింటికీ చిన్న గోబర్ గ్యాస్ తొట్లు పెట్టించింది. ఆడవాళ్లు ఆ గ్యాసు మీదే వంట చేసుకుంటారు, స్లర్రీకి కూడా డబ్బు వస్తుంది. స్లర్రీకి డబ్బు రావడం మొదలయ్యాక ఇక తొట్టి ఎందుకు మూలపడుతుంది?

ఆనంద్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఈ రోజు మన దేశంలో పాల విప్లవం తెచ్చిన వర్గీస్ కురియన్ గారి పుట్టినరోజు. 1921 నవంబర్ 26న పుట్టారు. ఆయన చదివింది ఇంజినీరింగ్. 1949లో ఆనంద్ చేరినప్పుడు పాత యంత్రాలు మొరాయించడం, పాలు పాడవడం చూసి, పాలను కాచి క్రిములను చంపే కొత్త యంత్రం, పాశ్చరైజర్, కొనమని అక్కడి పాల సహకార సంఘం నాయకుడు త్రిభువన్‌దాస్ పటేల్ గారికి చెప్పారు. సహకారం మనుషులను కలిపింది నిజమే. కానీ ఆ కలిసిన పాలు పుల్లబడకుండా బొంబాయి చేర్చింది యంత్రం, దాన్ని పట్టించుకున్న మనిషి. అందుకే కండెన్సరు కడిగే పనిని నేను చిన్న పనిగా చూడను.

ఇక పశువు. పాలిచ్చే ఆవు ఒంటి నుంచి రాత్రీ పగలూ వెలువడే వేడి ఒక ఇస్త్రీ పెట్టెకు సమానం. ఇరవై ఆవుల షెడ్డు అంటే ఇరవై ఇస్త్రీ పెట్టెలు ఆపకుండా నడుస్తున్న గది. దాని మీద రేకుల కప్పు, బయట మే నెల ఎండ. గేదెకు ఇంకో కష్టం. నల్లటి చర్మం, చెమట గ్రంథులు తక్కువ. అందుకే అది చెరువు వెతుక్కుంటుంది. మన పెద్దలు మధ్యాహ్నం గేదెలను చెరువులోకి తోలేవారు. చెరువులు పోయాయి, షెడ్లు వచ్చాయి, ఆ పని ఫ్యాన్ల మీద పడింది.

ఫ్యాను గాలిని చల్లబరచదు, కదిలిస్తుంది. తడి లేని పశువు మీద 40 డిగ్రీల గాలి ఎంత ఊదినా ఉపశమనం తక్కువే. అదే ఒంటి మీద ఒక లీటరు నీళ్లు ఆవిరైతే యూనిట్‌లో మూడింట రెండు వంతుల వేడి పట్టుకుపోతుంది. కూలరు 18 లీటర్ల పాల నుంచి తీసే వేడి అది. ఒక్క లీటరు నీళ్లు, ఖర్చు లేకుండా! కాబట్టి ముందు తడి, తర్వాత గాలి. రెండు నిమిషాలు ఒళ్లు తడిచేలా నీళ్లు చిమ్మాలి, ఆపి పది, పదిహేను నిమిషాలు ఫ్యాను నడపాలి. మళ్లీ తడపాలి. నీళ్లు కారి పొదుగు మీదికి దిగకూడదు, దిగితే పొదుగువాపు పొంచి ఉంటుంది. కోస్తాలో ఉక్కపోత రోజుల్లో పొగమంచులా చిమ్మే ఫాగర్లు పనికిరావు. గాలి ఇప్పటికే తేమతో నిండి ఉంటుంది, ఇంకొంత కలిపితే ఉక్క పెరుగుతుంది. అక్కడ పెద్ద చినుకులతో చర్మాన్ని తడపాలి. అనంతపురం లాంటి పొడి ఎండలో ఫాగరు కూడా పనిచేస్తుంది.

ఫ్యాను కన్నా ముందు కప్పు చూడండి. రేకుల మీద సున్నం కొట్టిన షెడ్డులోకి, కొట్టని షెడ్డులోకి మధ్యాహ్నం రెండింటికి వెళ్లి తల పైకెత్తి నిలబడండి, మాడు మీద తేడా తెలుస్తుంది. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. కప్పు శిఖరం దగ్గర వేడి గాలి పోవడానికి సందు ఉండాలి. పక్క గోడలు ఎత్తుగా కట్టి ఫ్యాన్లు పెట్టడం, తలుపు మూసి ఊపిరాడటం లేదని విసనకర్ర వెతకడం లాంటిది. తాగే నీళ్ల ట్యాంకు నల్లటిదైతే దానికి కూడా నీడ వేయండి. ఎండకు కాగిన నీళ్లు పశువు తాగదు. లీటరు పాలకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు కావాలి. నీళ్లు తగ్గితే పాలు తగ్గుతాయి, లీటరుకు పడే కరెంటు ఖర్చు దానంతట అదే పెరుగుతుంది.

ఇన్ని లెక్కలు చెప్పాను, ఇవి మీ కొట్టంలో ఎంత నిజమో మీరే తేల్చుకునే దారి మీ గోడ మీదే ఉంది. మీటరులో ఎర్ర దీపం మినుకుమంటూ ఉంటుంది కదా, దాని పక్కన ఒక అంకె ముద్రించి ఉంటుంది. సింగిల్ ఫేజ్ మీటర్లలో తరచుగా 3200. ఆ దీపం అన్నిసార్లు మినుకుమంటే ఒక యూనిట్ అయినట్టు. మీది 1600 కావచ్చు, 800 కావచ్చు, చూసుకోండి. అన్నీ ఆపేసి, ఒక్క యంత్రం వేసి, ఒక నిమిషం లెక్కపెట్టండి. 3200 మీటరులో నిమిషానికి 53 సార్లు మినుకుమంటే గంటకు ఒక యూనిట్ తాగుతున్నట్టు. ఈ రోజు పొద్దున ఇక్కడే చేశాం. హీటరు వేస్తే దీపాన్ని లెక్కపెట్టలేకపోయాం, అంత వేగం. తర్వాత అన్నీ ఆపేశాం. అయినా దీపం అప్పుడప్పుడు మినుకుమంటూనే ఉంది. వెతికితే నీళ్ల మోటారుకు వెళ్లే వైరు తడిగోడ మీద ఇన్సులేషన్ ఊడి ఉంది. అది కరెంటు నష్టం ఒక్కటే కాదు, తడి నేల మీద నిలబడే పశువుకు, మనిషికి ప్రాణాపాయం. సభ అయ్యాక ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు. మీరు కూడా ఈ సాయంత్రం ఇళ్లకు వెళ్లి అన్నీ ఆపి ఆ దీపాన్ని ఐదు నిమిషాలు చూడండి.

మోటార్ల సంగతి త్వరగా చెబుతాను. ఫ్యాన్లు మార్చేటప్పుడు బీఎల్‌డీసీ అనే, కరెంటు తక్కువ తాగే మోటారు రకం తీసుకోండి. 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాను పని అది 30 వాట్లకు అటూ ఇటూగా చేస్తుంది. లైట్లన్నీ ఎల్ఈడీ. కొత్త మోటారు కొంటే స్టార్ గుర్తు చూడండి. కాలిన మోటారును మళ్లీ మళ్లీ చుట్టిస్తూ పోతే ప్రతిసారీ కొంత సామర్థ్యం పోతుంది. పాలు పితికే యంత్రం దగ్గర నిలబడి చెవి పెట్టండి. ఎడతెగకుండా బుస్సుమని గాలి లాగుతుంటే ఎక్కడో గొట్టం పగిలింది, లేదా చనుమొనలకు తగిలించే రబ్బరు తొడుగులు, లైనర్లు, అరిగాయి. రబ్బరు లైనర్లను సుమారు 2,500 పితుకులకు మార్చాలి. ఆలస్యం చేస్తే కరెంటుతో పాటు చనుమొనలు కూడా నష్టపోతాయి.

గడ్డి కోసే యంత్రం గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పనివ్వండి. దాని కత్తి మొద్దుబారితే గడ్డి తెగదు, నలుగుతుంది. నలిగిన గడ్డి పీచులుపీచులుగా కత్తికి చుట్టుకుంటుంది, మోటారు మూలుగుతుంది. సూపర్ నేపియర్ పశుగ్రాసం కాడ ఒకటి తీసి చూడండి, కోసిన చోట నున్నగా ఉండాలి. చిరిగినట్టు ఉంటే కత్తి సాన పట్టాలి, కత్తికీ దిమ్మెకూ మధ్య సందు దళసరి కాగితం దూరేంతే ఉండాలి. వారానికోసారి సాన పడితే అదే గడ్డి చాలా తక్కువ సమయంలో తెగుతుంది. ఇంకొక మాట, చుట్టుకున్న గడ్డిని యంత్రం తిరుగుతుండగా చేత్తో లాగకండి. మొద్దు కత్తి ఉన్నచోటే ఆ అవసరం వస్తుంది. వేళ్లు పోయిన వాళ్లను, చెయ్యి పోయిన పిల్లవాణ్ని నేను చూశాను. పదునైన కత్తి, మూత ఉన్న యంత్రం, మెయిన్ ఆపే అలవాటు ఉంటే కరెంటూ మిగులుతుంది, చేతులూ మిగులుతాయి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

వెనక వరుసలో ఒక రైతు అడుగుతున్నారు, సోలార్ ప్యానెళ్లు పెడితే ఈ బాధలన్నీ తీరవా అని. మంచి ప్రశ్న. మన ఎండకు ఒక కిలోవాటు ప్యానెల్ రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. కానీ పాలు వచ్చేది తెల్లవారుజామున, సాయంత్రం. ఎండ కాసేది మధ్యాహ్నం. మధ్యాహ్నపు కరెంటును బ్యాటరీలో దాచడం ఖరీదు. మంచుగా దాచడం చవక. 100 లీటర్ల పాలను చల్లబరచడానికి 40 కిలోల మంచు కరిగితే చాలు. పగలు ఎండ ఉన్నప్పుడు, లేదా కరెంటు ఉన్నప్పుడు మంచు కట్టించి పెట్టుకుంటే, సాయంత్రం ఆ చల్లటి నీళ్లను తిప్పి పాలు చల్లబరచవచ్చు. ఐస్ బ్యాంక్ అంటారు. కరెంటు పోయినా జనరేటరు వేయనక్కర్లేదు. చిన్న జనరేటరు లీటరు డీజిల్‌కు మూడు యూనిట్లకు మించి ఇవ్వడం కష్టం. యూనిట్ ఎంత పడుతుందో మీరే లెక్క వేసుకోండి. అయితే ప్యానెళ్ల కన్నా ముందు మిగతావి చేయండి. హీటరు తీసేసి, కండెన్సరు కడిగి, లీకు మూసిన తర్వాత మీకు కావలసిన ప్యానెళ్లు చాలా తగ్గుతాయి. చిల్లు కుండకు ముందు మాటు వేయాలి, తర్వాత నీళ్లు పోయాలి.

ఇంకొకరు అడుగుతున్నారు, బోరుకు ఉచిత కరెంటే కదా, నీళ్లు ఎంత వాడితే ఏమిటి అని. బాబూ, కరెంటు ఉచితం కావచ్చు, నీళ్లు కావు. ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద అందరూ ఒకేసారి మోటార్లు వేసి వోల్టేజీ పడిపోయి వైండింగ్ కాలితే ఆ ఖర్చు మనదే. ఫుట్‌వాల్వు లీకు చూసుకోండి, గొట్టాల్లో అనవసరమైన వంపులు తీసేయండి, కెపాసిటర్ పెట్టించండి. షెడ్డు కడిగే నీళ్లకు ముందు పేడ ఎత్తేయండి. పేడ ఎత్తిన నేల కడగడానికి నీళ్లు సగం చాలు, ఆ పేడ గ్యాసు తొట్టికి పనికొస్తుంది.

ముందు వరుసలో అమ్మ అడుగుతున్నారు. గట్టిగా చెప్పండమ్మా. ఆరు గేదెలు, కూలరు లేదు, పాలు రెండు పూటలా కేంద్రానికి పోస్తారు, కరెంటు బిల్లు పెద్దగా రాదు, నాకేం చెబుతారు అంటున్నారు. అమ్మా, మీకు మూడు పనులే. గోబర్ గ్యాస్ తొట్టి పెట్టుకోండి, ఆరు గేదెల పేడకు ఇంటి వంటా, క్యాన్ల నీళ్లూ రెండూ వెళ్లిపోతాయి. గేదెల మీద నీడ, మధ్యాహ్నం రెండుసార్లు తడపడం. మూడోది, పాల క్యాను. దాని చుట్టూ తడి గోనె చుట్టి తీసుకెళ్లండి, దారిలో గాలి తగిలి గోనె ఆరుతూ క్యానును చల్లబరుస్తుంది. కేంద్రంలో క్యాను దించాక అక్కడివాళ్లను ఒక్క మాట అడగండి, వెనక కండెన్సరు ఎప్పుడు కడిగారని. మీ పాలు అందులోనే కదమ్మా చల్లబడేది, అడిగే హక్కు మీకుంది.